కలుపు మొలవని మట్టి

ఆమె నా ముఖంలోకి చూడలేదు. నా చేతిలో ఉన్న బకెట్ వైపు చూసింది.

అంతవరకు మామూలుగా నవ్వుతూ మాట్లాడిన మనిషి. అరవై దగ్గర వయసు, నారింజ రంగు జాకెట్, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. కొత్తగా వేసిన కంచె అవతల నిలబడి, ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలకి ఎన్నేళ్లు అని అడిగింది. కొండల అవతల ఉన్న మా ఊరు బాతెల్ నుంచి వచ్చామని, పాపకి ఏడు, బాబుకి ఇంకా మూడు నిండలేదని చెప్పాను. తర్వాత, "బకెట్ దేనికి?" అంది.

"మట్టి కోసం. నిరుడు కూడా ఇక్కడే తీసుకెళ్లాం," అన్నాను.

ఆమె చూపు బకెట్ మీదే ఉండిపోయింది. పిల్లలిద్దరూ నా వెనక గులకరాళ్లు ఏరుతున్నారు. ఆమె ఒకసారి వాళ్లని చూసి, గొంతు తగ్గించి, "ఆ మట్టితో ఏం చేశారు?" అని అడిగింది.

కంచెకి పసుపు రంగు బోర్డు ఉంది. దాని మీద ఏం రాసి ఉందో నేనింకా చదవలేదు. విషం అన్న మాట ఎవరూ ఇంకా అనలేదు. అయినా ఆ గొంతు తగ్గిన తీరు చాలు, బకెట్ కింద పెట్టేశాను. వెనక్కి తిరక్కుండానే, "నాన్నా, ఆ రాళ్లు కింద పడేయ్. ముట్టుకోకు," అన్నాను.

"ముట్టుకోకు" మా ఇంట్లో కొత్త మాట కాదు. షాపింగ్ కార్ట్ పిడి ముట్టుకోకు, లైబ్రరీ బొమ్మలు ముట్టుకోకు, పార్కులో పుట్టగొడుగు ముట్టుకోకు. పాప పుట్టినప్పటి నుంచి నేనిలా అయిపోయానో, ముందు నుంచీ ఇంతేనో నాకే తెలియదు. ఆఫీసు నుంచి రాగానే మా ఆయన అడిగే మొదటి ప్రశ్న, "ఈ వారం భయం ఏంటి?" రెండు వీధుల అవతల ఉండే అక్క, అంటే మాకు బంధువు కాకపోయినా నేను అక్కా అని పిలిచే కరీంనగర్ ఆవిడ, నా ముందే నలుగురితో అంటుంది: "మా చెల్లెకు భయమే టైంపాస్. ఒక్కనాడు భయపడకపోతే ఆ రోజు జ్వరం వచ్చిందనుకోవాలె." నేనూ నవ్వేస్తాను. నా భయాల్లో తొంభై పాళ్లు ఉత్తవేనని నాకూ తెలుసు.

అసలు ఆ మట్టి దగ్గరికి నన్ను తీసుకెళ్లింది కూడా భయమే.

నిరుడు వినాయక చవితి ముందు ఇండియన్ స్టోర్‌లో రంగుల విగ్రహాలు వచ్చాయి. పాప ఒక గులాబీ రంగు వినాయకుణ్ణి పట్టుకుని వదల్లేదు. నేను ఫోన్ తీసి, చవక రంగుల్లో సీసం ఉంటుందా అని వెతికాను. ఉండొచ్చని వచ్చింది. విగ్రహాన్ని అక్కడే పెట్టించేశాను. పాప ఏడ్చింది. "మనమే చేసుకుందాం, మంచి మట్టితో. మన వినాయకుడే అందరికంటే సేఫ్," అని మాటిచ్చాను.

అక్కావాళ్లు ప్రతి ఆగస్టులో కొండలు దాటి అవతలి వైపు ఒక కేబిన్ అద్దెకి తీసుకుంటారు. ఆ ఏడు మమ్మల్నీ రమ్మన్నారు. కేబిన్ వెనక పది నిమిషాలు నడిస్తే సన్నటి వాగు. వాగు పక్కన రెండు టెన్నిస్ కోర్టులంత మేర బూడిద రంగు నేల. చెయ్యి పెడితే వెన్నలా ఉంది. వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగల్లేదు. రాయి లేదు, వేరు లేదు, పురుగు లేదు. చుట్టూ అంత అడవి ఉండి, ఆ మేర ఒక్క గడ్డిపోచ కూడా లేదు.

ఎంత శుభ్రమైన మట్టో అనుకున్నాను.

నేను పుట్టి పెరిగింది విశాఖలో, మూడో అంతస్తులో. మట్టి అంటే బాల్కనీ కుండీల్లోది. బయోటెక్నాలజీలో పీజీ చేశాను. పరీక్షల్లో ఆర్సెనిక్ గురించి రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ కలుపు కూడా మొలవని నేలని చూస్తే అనుమానించాలని నాకు ఏ చదువూ చెప్పలేదు. పొలంలో ఒక్క సీజన్ పనిచేసిన మనిషైనా ఆ నేల చూసి, ఇక్కడ గడ్డెందుకు లేదు అని అడిగేవాడు. నేను బకెట్ నింపుకున్నాను.

ఆ మట్టితో వినాయకుడు ఎంత బాగా కుదిరాడో చెప్పలేను. తొండం విరగలేదు, బొజ్జ పగల్లేదు. కళ్లకి మిరియాలు పెట్టాం. అక్కకి కూడా ఒక ముద్ద ఇచ్చాను. మూడో రోజు డెక్ మీద నీళ్ల తొట్టిలో నిమజ్జనం చేసి, కరిగిన నీళ్లని పెరట్లో తోటకూర మడి మూలన పోశాం. మట్టి మట్టిలో కలిసిపోవాలి, దేవుడు మొక్కలోకి రావాలి అని పాపకి చెప్పాను. ఆ ఫొటో మా కాలనీ తెలుగు గ్రూపులో పెడితే ముప్ఫై హార్టులు వచ్చాయి. మిగిలిన అర బకెట్ మట్టి గరాజ్‌లో ఉండిపోయింది. శీతాకాలమంతా పాప అందులోంచి ముద్దలు తీసుకుని, నీళ్లు కలిపి, తమ్ముడితో కేకులు, దోసెలు చేసి ఆడింది. నేను కాఫీ తాగుతూ చూశాను. బయట వాన, పిల్లలు స్క్రీన్ ముందు లేరు, సహజమైన మట్టితో ఆడుకుంటున్నారు. చాలా మంచి తల్లిననుకున్నాను.

ఇదంతా కంచె దగ్గర నిలబడి ఆ పెద్దావిడకి చెప్పాను. 

ఆ తర్వాత ఆమె చెప్పింది. పాత గనుల మట్టిని కట్టడి చేసే ప్రభుత్వ శాఖలో పని ఆమెది. ఆ నేల నిజానికి నేల కాదు. ఎప్పుడో ముగ్గురు నలుగురు మనుషులు కలిసి అక్కడ చిన్న బంగారు మిల్లు నడిపారు. కొండలోంచి రాళ్లు తెచ్చి పిండి కొట్టేవాళ్లు. ఆ పిండిని పాదరసం మీదుగా పోనిస్తే బంగారం పాదరసానికి అంటుకుంటుంది. బంగారం తీసుకుని, పిండిని వాగు పక్కన వదిలేశారు. ఆ రాతి పిండినే వాళ్ల భాషలో టెయిలింగ్స్ అంటారు.

"ఇక్కడి రాయిలో బంగారం ఉన్న చోట ఆర్సెనిక్ కూడా ఉంటుంది," అంది. "రాయిలో బిగిసి ఉన్నంత కాలం దాని జోలికి మనం పోం, మన జోలికి అది రాదు. పిండి చేశాక కథ మారుతుంది. గాలికి లేస్తుంది, వానకి కొట్టుకుపోతుంది, చేతికి అంటుకుంటుంది. ఏమీ మొలవకపోవడానికి అదొక్కటే కారణం కాదు. ఇందులో తిండి లేదు, జీవం లేదు."

"నిరుడు ఇక్కడ బోర్డు లేదు," అన్నాను. నా గొంతు నాకే ఫిర్యాదులా వినిపించింది.

"లేదు. అది మా తప్పే, మీది కాదు," అంది. "మిగిలిన మట్టి ఇంకా ఇంట్లో ఉందా?"

ఉందన్నాను. ఆమె ఒక కార్డు మీద ఫోన్ నంబరు రాసిచ్చింది. పొడిగా ఊడ్చొద్దు, ముందు తడపండి. మూత బిగించి, రెండు సంచుల్లో కట్టండి. ఆ మూల తోటకూర తినకండి. సోమవారం పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేయండి. రెండు వారాల్లో ఇక్కడ ఈ భాగాన్ని కప్పేస్తాం, ఆలోపు ఆ బకెట్ తెచ్చి ఇచ్చేయండి, దాని చోటికి అది పోతుంది. మీ పెరటి మట్టి కూడా నాలుగు చోట్ల కొంచెం కొంచెం తీసి, విడివిడి జిప్ సంచుల్లో తెండి, చూస్తాను. ఇవన్నీ నేను చేతిలోని ఖాళీ బకెట్ అడుగు మీద పెన్నుతో రాసుకున్నాను. కాగితం ఉంది, బ్యాగులో. గుర్తు రాలేదు.

కేబిన్‌కి తిరిగి వచ్చేసరికి అక్క టీ పెడుతోంది. విషయం చెప్పాను. ఈసారైనా, ఊకె పరేషాన్ అయితవ్, ఏం గాదు అంటుందేమోనని ఆశపడ్డాను. ఆమె స్టవ్ ఆపేసింది.

"ఆర్సెనిక్ అంటే మన పాషాణమే గదా," అంది మెల్లగా. "మా తులసి కుండీల పోసిన నేను."

గుమ్మంలో పాప నిలబడి ఉందని మేమిద్దరం చూసుకోలేదు.

"పాషాణం అంటే స్టోన్ కదా ఆంటీ?" అంది. తెలుగు బడిలో ఆ మాట నేర్పారు. పాషాణం అంటే రాయి అని పలక మీద బొమ్మ కూడా వేసింది.

అక్క ఆలోచించకుండా నిజం చెప్పేసింది. "రాయీ అదే బిడ్డా, విషమూ అదే. రెండిటికీ ఒక్కటే మాట."

పాప లోపలికి వెళ్లి సింకు దగ్గర స్టూలు వేసుకుని చేతులు కడుక్కుంది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. అప్పుడు నేను దాన్ని మంచి అలవాటనే అనుకున్నాను.

సోమవారం పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అలాంటి రాతి పిండిలో సీసం కూడా ఉండొచ్చట. ఆ సంగతి అక్కడికక్కడే, వేలి కొన మీద చిన్న పోటుతో తేలిపోయింది, భయం లేదన్నారు. ఆర్సెనిక్‌కి మాత్రం మూత్రం పరీక్ష చేయాలి, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి ముందు బాబుకి, అందులో తేడా ఉంటే పాపకి. అందుకు కొన్ని రోజుల ముందు నుంచి చేప, రొయ్య తినకూడదట. వాటిలో హాని చేయని రకం ఆర్సెనిక్ ఉంటుంది, లెక్క తప్పుతుంది.

"అన్నంలో కూడా కొద్దిగా ఉంటుంది," అంది డాక్టర్.

"మేం రోజుకి రెండు పూటలా అన్నం తింటాం," అన్నాను.

"నాకు తెలుసు," అని నవ్వింది. చాలామంది తెలుగు తల్లులని చూసిన నవ్వు.

బయటికొచ్చాక మా ఆయన, "పాస్ అవుతామా అసలు? తరతరాలుగా సోనామసూరి తిన్న వంశం," అన్నారు. నాకు నవ్వు రాలేదు. తర్వాత ఆయన మా కారు కాని కారు తలుపు తీయబోవడం చూశాను. ఈసారి ఆయన నా భయాన్ని తేలిక చేయడానికి కాదు, తన భయాన్ని తేలిక చేసుకోవడానికి జోకులు వేస్తున్నారని అప్పుడు తెలిసింది.

బాబుకి అప్పుడప్పుడే డైపర్ మాన్పిస్తున్నాం. పరీక్షకి కప్పులో పోయాలంటే వాడికి అది పెద్ద అవమానం. కప్పు కనిపిస్తే చాలు సోఫా వెనక్కి పరుగు. "నో కప్. నా పీ, నాది," అనేవాడు. మా ఆయన బాత్రూంలో కుళాయి తిప్పి, నోటితో వాన చప్పుడు చేసి, చివరికి ఒక డైనోసార్ బొమ్మకి దాహం వేస్తోందని చెప్పి ఎలాగో కప్పు నింపించారు. అది ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాను. ఫలితం రావడానికి వారం పైనే పడుతుందన్నారు.

ఆ వారం నేను ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. వాడి గోళ్ల మీద ఆర్సెనిక్ వేసే తెల్ల గీతలున్నాయేమోనని ఎండలో పట్టుకుని చూశాను. రెండుసార్లు తుమ్మితే ఫోన్‌లో వెతికాను. ఇంటి దుమ్మంతా తడిగుడ్డతో రోజూ తుడిచాను. మా కాలనీ గ్రూపులో, నిరుడు నేను పెట్టిన ఫొటో కిందే, జరిగింది మొత్తం రాసి, అక్కడ మట్టి ఎవరూ తీసుకోకండి అని పెట్టాను. ముప్ఫై హార్టులు పెట్టినవాళ్లలో ఇద్దరే జవాబిచ్చారు. అక్క తన తులసి కుండీని మట్టితో సహా సంచిలో కట్టి మా గరాజ్‌లో పెట్టి, "నీ బకెట్‌కు తోడు," అని వెళ్లింది. ఆ రోజు ఆమె నన్ను ఏడిపించలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మా ఆయన మాస్కు వేసుకుని, బకెట్‌లోని మట్టి తడిపి, మూత బిగించారు. పెరట్లో నాలుగు చోట్ల నుంచి చెంచాతో మట్టి తీసి జిప్ సంచుల్లో వేసి, ఒక్కోదాని మీద రాశారు: తోటకూర మూల, మడి మధ్య, గోంగూర, స్వింగ్ కింద. స్వింగ్ కింద అన్న మాట చదివి నేను లోపలికి వచ్చేశాను.

బడులు తెరిచారు. మూడో రోజే టీచర్ నుంచి మెయిల్. పాప ఆటల టైములో ఆడటం లేదు, చేతులు కడుక్కుంటానని మాటిమాటికి అడుగుతోంది, ఇంట్లో అంతా బాగేనా అని.

సాయంత్రం సింకు దగ్గర దాని చేతులు పట్టుకుని చూశాను. వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎర్రగా పగిలి ఉంది. లోషన్ తెచ్చి రాస్తుంటే, నా వైపు చూడకుండా అడిగింది.

"అమ్మా, తమ్ముడు చనిపోతాడా?"

"ఛ, ఏం కాదు. ఎవరన్నారు?"

"నేను కేక్ ఇచ్చా వాడికి. మట్టి కేక్. ప్రిటెండ్ అని చెప్పా, కానీ వాడు నిజంగా తిన్నాడు. ఒక బైట్. వింటర్‌లో. నీకు చెప్తే తిడతావ్ అని చెప్పలే."

"ఏం కాదు అన్నాను కదా."

"నీకు తెలీదు. నువ్వు ఫోన్‌లో ఆంటీకి చెప్పావ్, తెలీదు, తెలీదు అని. ఐ హర్డ్ యూ."

 ఏడేళ్లుగా ఆ పిల్లకి అన్నిటి గురించీ హెచ్చరిస్తూ వచ్చాను. ఏదైనా ఒకటి నిజంగా జరిగినప్పుడు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఫలితం వచ్చేదాకా, బాబుకి ఏమీ కాలేదు అని నేను చెబితే అది ఉత్త మాట. పాప ఆ సంగతి కనిపెట్టేసింది. లోషన్ రాయడం అయ్యాక, "తెలియగానే మొదట నీకే చెప్తాను. నిజం చెప్తాను," అన్నాను. సరే అన్నట్టు తలూపి, వెళ్లి మళ్లీ చేతులు కడుక్కుంది. లోషన్ అంతా పోయింది.

మరుసటి శనివారం బకెట్, కుండీ, జిప్ సంచులు డిక్కీలో పెట్టుకుని కొండలు దాటాం. దారి పొడుగునా బాబు డిక్కీ వైపు తిరిగి, "వినాయకా, బాగున్నావా," అని అడుగుతూనే ఉన్నాడు. అందులో ఉన్నది దేవుడేనని వాడి నమ్మకం. వాడికి ఎలా కాదని చెప్పాలో తెలియక మేం కూడా ఊరుకున్నాం.

పెద్దావిడ ఈసారి కంచె గేటు తీసి మాకోసం నిలబడి ఉంది. బకెట్ అందుకుని, జుట్టు ఆరబెట్టే యంత్రంలాంటి ఒక పరికరాన్ని మట్టికి ఆనించింది. అది కాసేపటికి మట్టిలో ఆర్సెనిక్ ఎంతుందో అంకె చూపించింది. ఆమె ఈల వేయబోయి ఆపుకుంది. ఇది ఇక్కడిదే, సందేహం లేదు అంది. తర్వాత మా జిప్ సంచులు ఒక్కొక్కటే బండి బానెట్ మీద వరసగా పెట్టి చూసింది. తోటకూర మూల: ఉంది, ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. మడి మధ్య: చాలా తక్కువ. గోంగూర: మామూలే, ఏ పెరట్లోనైనా ఉండేంత. చివరి సంచి ఎత్తినప్పుడు నేను మా ఆయన చొక్కా పట్టుకున్నాను. స్వింగ్ కింద: మామూలే.

"నీళ్లు పోసిన చోటే కూర్చుంది. ఇది ఎక్కువ దూరం నడవదు," అంది. "ఆ మూల ఒక జానెడు లోతు తీసేసి, ఎక్కడికి పంపాలో మీ కౌంటీ చెత్త ఆఫీసుని అడగండి. మంచి మట్టి నింపండి. ఒక ఏడాది అక్కడ ఆకుకూరలు వద్దు, పూలు వేసుకోండి. మిగతా తోట మీది."

అక్కడి నేల అప్పుడు చూశాను. నిరుడు నేను బకెట్ నింపిన చోట సగం దాకా కొత్త మట్టి కప్పారు. రాతి పిండి మీద ముందు గట్టి బంకమట్టి పొర, దాని మీద ఎక్కడినుంచో తెచ్చిన నల్లటి మట్టి, దాని మీద గడ్డి పరిచి ఉంది. కప్పని మిగతా సగంలో తవ్విన గోతిలో మా బకెట్ బోర్లించారు, అక్క కుండీ కూడా. "బై వినాయకా," అన్నాడు బాబు. మా ఆయన చేతులు జోడించబోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, జోడించారు.

"అంతా తీసి ఎక్కడికైనా పంపేయొచ్చు కదా?" అని అడిగాను.

"ఎక్కడికి? ఇంకొకరి పక్కకా?" అంది. "దీన్ని మాయం చేయలేం. గాలికి లేవకుండా, వాగులోకి పోకుండా కూర్చోబెడతాం. అంతే మా పని. పైన ఏదైనా బతికితే, ఆ వేళ్లే మట్టిని పట్టుకుంటాయి."

వాగుకి ఎగువన, రెండేళ్ల క్రితం కప్పిన చిన్న వాలు చూపించింది. ఒకప్పుడు అదీ ఇంతే బూడిదగా ఉండేదట. ఇప్పుడు మోకాలెత్తు గడ్డి, గాలికి పక్కకి వాలి ఉంది. ప్లాస్టిక్ గొట్టాల్లోంచి చిన్న పైన్ మొక్కలు తల బయట పెట్టాయి. ఆమె వంగి గుప్పెడు మట్టి తీసి అరచేతిలో విప్పింది. నల్లగా, గడ్డలు గడ్డలుగా, వేళ్ల పోగులతో ఉంది. అందులో ఒక వానపాము ముడుచుకుని కదిలింది. "మొదటి ఏడు బూజు తప్ప ఏమీ రాలేదు. ఇదిగో, ఈ పెద్దమనిషి ఈ వసంతంలో వచ్చాడు," అంది, చుట్టం వచ్చినట్టు.

తర్వాత పాపకి ఒక డబ్బా నిండా గడ్డి విత్తనాలు ఇచ్చింది. కొత్తగా కప్పిన చోట చల్లి, చేత్తో కొంచెం నొక్కాలట. "ఇది మంచి మట్టి. నేనే పరీక్ష చేశాను," అని పాపకి చెప్పింది.

పాప డబ్బా పట్టుకుని నా వైపు చూసింది. ముట్టుకో అని నేను అంటే చాలు. ఆ పెద్దావిడ పరికరం చూపించింది, వానపాము చూపించింది. అయినా నా నోరు రాలేదు. "గ్లౌజులు వేసుకో," అన్నాను. గ్లౌజులు తేలేదు. పాప డబ్బా తిరిగి ఇచ్చేసి కారెక్కి కూర్చుంది. విత్తనాలు మా ఆయన, బాబు చల్లారు. మేం బయల్దేరేటప్పుడు పెద్దావిడ మిగిలిన విత్తనాలు చిన్న కవరులో పోసి నా చేతిలో పెట్టింది.

తిరుగు దారిలో, కొండల మధ్య సిగ్నల్ లేని చోటు దాటాక, నా ఫోన్ మోగింది. డాక్టర్ ఆఫీసు యాప్‌లో ఫలితం వచ్చిందని. పిల్లలిద్దరూ వెనక సీట్లో మెడలు వాల్చి నిద్రపోతున్నారు. ఇంకా ఎండ ఉంది. "చదవకు. ఆగు, పక్కకి ఆపుతాను," అన్నారు మా ఆయన. లారీలు ఆగే చోట ఆపారు. తెరిచాను. అంకె, దాని పక్కన ఉండాల్సిన హద్దు. హద్దు లోపలే ఉంది. బాగా లోపల. డాక్టర్ కింద ఒక వాక్యం రాసింది: పిల్లవాడు బాగున్నాడు, అన్నం తగ్గించనక్కర్లేదు.

ఆ చివరి మాటకి మా ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. స్టీరింగ్ మీద తల ఆనించి భుజాలు కదిలిపోయేలా నవ్వారు, తర్వాత అది నవ్వు కాదని తెలిసింది. నేను పాపని లేపబోయాను. చెయ్యి జాపి ఆగిపోయాను. మాటిచ్చాను కదా, నిజం చెప్తానని. నిద్రలో సగం వినిపించేలా చెప్పాల్సిన మాట కాదది. ఇంటికెళ్లాక కూడా లేవలేదు. ఎత్తుకెళ్లి పడుకోబెట్టాం.

ఇప్పుడు రాత్రి. ఇల్లు సద్దుమణిగాక ఇదంతా రాస్తున్నాను. నిన్న ఇదే వేళకి వంటగదిలో కూర్చుని, పాపకి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. చవితి ఎల్లుండి. వినాయకుణ్ణి దేనితో చేయాలన్నది కూడా మిగిలే ఉంది. పసుపు ముద్దతో చేద్దామనుకుని, పసుపులో సీసం కలుపుతారా అని వెతకడానికి ఫోన్ తీసి, మళ్లీ బోర్లా పెట్టేశాను.

ఈ పొద్దున పిల్లలిద్దరూ లేచాక, పళ్లు తోముకోకముందే, పెరటి మెట్ల మీద చెరో వైపు కూర్చోబెట్టుకున్నాను.

"డాక్టర్ చెప్పింది. తమ్ముడు బాగున్నాడు," అన్నాను. "ఉత్తినే అనడం లేదు. పరీక్ష చేశారు. కావాలంటే చూపిస్తాను."

పాప ఫోన్ తీసుకుని అంకెలు రెండూ చూసింది. చిన్నది ఏది, పెద్దది ఏది అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు చూసింది.

"కేక్ తిన్నా కూడానా?"

"తిన్నా కూడా. ఆ ఒక్క ముక్క ఎప్పుడో ఒంట్లోంచి వెళ్లిపోయి ఉంటుంది. ఇంకో సంగతి. ఆ మట్టి ఇంట్లోకి తెచ్చింది నేను. మంచిదని నీకు చెప్పింది నేను. నువ్వు తమ్ముడికి అమ్మ మంచిదని చెప్పిన దాన్నే ఇచ్చావు. తప్పు నాది, నీది కాదు. ఇకమీదట ఇలాంటిది ఏదైనా జరిగితే నాకు చెప్పు, తిట్టను. తిడితే, తిట్టనన్నావుగా అని గుర్తు చేయి."

"వినాయకుడు కూడా ఓకేనా?" అన్నాడు బాబు.

"ఓకే. తన చోటికి వెళ్లిపోయాడు. దాని మీద గడ్డి వస్తుంది."

పాప తోటకూర మడి వైపు చూసింది. ఆ మూల చుట్టూ మా ఆయన తాడు కట్టి ఉంచారు.

"అక్కడికి మాత్రం వెళ్లొద్దు, ఈ వారం నాన్న తవ్వేస్తారు," అన్నాను. "గోంగూర దగ్గర మట్టి మంచిది. స్వింగ్ కింద మట్టి మంచిది. కొలిచి చూశాం."

"ఆర్ యూ షూర్? గూగుల్ చేశావా?"

"చాలాసార్లు."

అప్పుడే మెట్లు దిగేసిన బాబు గోంగూర కింద చతికిలబడి, ఏదో సన్నగా కదిలే దాన్ని వేలితో చూపిస్తున్నాడు. ముట్టుకోవచ్చా అని అడగడానికి నా వైపు తిరిగాడు. పాప కూడా తిరిగింది. నేను జేబులోంచి విత్తనాల కవరు తీసి పాప చేతిలో పెట్టాను.

"ముట్టుకోండి," అన్నాను. "ఇద్దరూ. తర్వాత ఒక్కసారి చేతులు కడుక్కుంటే చాలు."